రోజుకో గంట తీరిక, వంద గంటల గేమ్: మనలాంటివాళ్లకి ఆర్‌పీజీలు ఎందుకు?

మీరు అడిగినదాంట్లో ముఖ్యంగా రెండు ప్రశ్నలున్నాయి. ఉద్యోగం, ఇల్లు, చిన్న పిల్లాడు పోను రాత్రి ఒక గంట మిగిలితే అదే గొప్ప, మొదలుపెట్టిన ఆర్‌పీజీలన్నీ (రోల్ ప్లేయింగ్ గేమ్‌లు, అంటే ఒక పాత్రగా మారి కథ నడిపే ఆటలు) విచర్ 3తో సహా సగంలో ఆగిపోతున్నాయి, వీటిని మానేసి చిన్న ఆటలకి వెళ్లిపోనా అన్నది మొదటిది. ఆర్‌పీజీలు జీవితాన్ని నేర్పుతాయి, కష్టపడితే లెవెల్ పెరుగుతుందన్న సత్యం వాటిలోనే ఉంది అని మీ స్నేహితుడు అంటున్నాడు, నిజమేనా అన్నది రెండోది.

మొదటిదానికి నా జవాబు, మానొద్దు. రెండోదానికి వస్తే, మీ స్నేహితుడు సత్యం అంటున్నదే ఆర్‌పీజీలు చెప్పే అన్నిటికంటే పెద్ద అబద్ధం. జీవితానికి దగ్గరగా ఉండే సంగతులు వాటిలో లేకపోలేదు గానీ, అవి లెవెల్ నంబర్ పక్కన కనబడవు.

నేను కూడా రాత్రి గంట ఆటగాణ్నే. పోటీలు, రికార్డులు నాకు సంబంధం లేని విషయాలు. చాలా ఏళ్లుగా ఎక్కువగా ఈ ఒక్క రకం ఆటలే ఆడుతూ వస్తున్నాను కాబట్టి కొంచెం ధైర్యంగా చెప్పగలను.

ముందు ఈ ఆటలు ఇంత పొడుగ్గా ఎందుకుంటాయో చూద్దాం. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తెచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ నుంచే ఈ వంశమంతా పుట్టింది. అది కంప్యూటర్ మీద ఆడేది కాదు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుని పాచికలు వేస్తూ, కథ అల్లుకుంటూ ఆడే ఆట. ఒక్క పూటలో తేల్చేద్దామని ఎవరూ కూర్చోరు. వారానికోసారో, కుదిరినప్పుడో కలిసి, ఒకే కథని నెలల తరబడి, కొందరైతే ఏళ్ల తరబడి నడుపుతారు. అంటే కొంచెం ఆడి ఆపడం, మళ్లీ వీలైనప్పుడు అందుకోవడం ఈ ఆటల పుట్టుకలోనే ఉంది. ఏకబిగిన కూర్చుని మూడు రోజుల్లో ముగించడం తర్వాత వచ్చిన ముచ్చట. కాబట్టి రోజుకో గంట ఆడేవాళ్లం మనమే పాత సంప్రదాయంలో ఉన్నాం అనుకోవచ్చు.

అయితే బల్ల మీంచి కంప్యూటర్‌లోకి వచ్చేటప్పుడు ఒకటి దారిలో పడిపోయింది. 1980లలో విజార్డ్రీ, అల్టిమా లాంటి ఆటలు పాచికల లెక్కల్ని, లెవెళ్లని, దెబ్బల పట్టికల్ని శ్రద్ధగా తీసుకొచ్చాయి. 'పోయినసారి ఎక్కడ ఆపామంటే...' అని మొదలుపెట్టే, బల్ల దగ్గర కథ నడిపే మనిషిని తీసుకురాలేకపోయాయి. మూడు వారాల తర్వాత మీరు సేవ్ తెరిస్తే ఒక అడవి మధ్యలో ఉంటారు. సంచి నిండా ఎందుకు మోస్తున్నారో తెలియని వస్తువులు. గుర్తుకురాని పేర్లతో పద్నాలుగు క్వెస్టులు, అంటే ఆట అప్పగించిన పనులు. ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో వేళ్లు కూడా మర్చిపోయి ఉంటాయి. పది నిమిషాలు తికమకపడి కట్టేస్తారు. ఆట సగంలో ఆగిపోవడానికి మీరు తీరిక లేకపోవడాన్ని కారణంగా చూపించారు. నాకు మాత్రం ఈ మతిమరుపే అసలు దొంగ అనిపిస్తుంది.

దీనికి ఉపాయం చాలా చిన్నది. ఆపే ముందు ఫోన్‌లో రెండు వాక్యాలు రాసుకోండి. ఎక్కడున్నారో రాయక్కర్లేదు, అది ఆటే చెబుతుంది. తర్వాత ఏం చేద్దామనుకున్నారో రాయండి. 'వంతెన దగ్గరున్న మంత్రగాడు ఇప్పుడు నా వల్ల కాడు, ముందు ఉత్తరాన గుహలో విల్లు తెచ్చుకోవాలి. ఆ పూజారి మాటల్లో ఏదో తేడా ఉంది, నమ్మకూడదు.' ఇంతే చాలు. క్వెస్ట్ చిట్టాలో చెయ్యాల్సిన పని ఉంటుంది, మీ మనసులో అనుకున్నది ఉండదు. అది రాసి పెట్టుకున్నవాడు నెల తర్వాత వచ్చినా తికమకపడడు.

ఇది మరీ శ్రమ అనిపిస్తే, 1986లో జపాన్‌లో డ్రాగన్ క్వెస్ట్ ఆడినవాళ్లని తలుచుకోండి. అందులో సేవ్ లేదు. ఆపేటప్పుడు తెర మీద 20 జపనీస్ అక్షరాల మంత్రం కనబడేది, దాన్ని కాగితం మీద రాసుకుని మళ్లీ మొదలుపెట్టేటప్పుడు టైప్ చెయ్యాలి. ఆ మరుసటి ఏడాది వచ్చిన రెండో భాగంలో అది 52 అక్షరాల దాకా పెరిగింది. ఒక్క అక్షరం తప్పు రాసుకున్నా అంతే సంగతులు. కార్ట్రిడ్జ్‌లో బ్యాటరీ పెట్టి సేవ్ చేసే సౌకర్యం 1988లో మూడో భాగంతోగానీ ఆ సిరీస్‌కి రాలేదు. పిల్లలు నిద్రమానుకుని అక్షరాలు సరిచూసుకునేవాళ్లంటే ఆశ్చర్యమేముంది?

ఇప్పుడు మనకున్న గొప్ప సుఖం సేవ్ చెయ్యకపోయినా ఆపగలగడం. నింటెండో స్విచ్, స్టీమ్ డెక్ లాంటి చేతిలో పట్టుకునే యంత్రాల్లో పవర్ బటన్ నొక్కితే ఆట ఉన్నచోటే నిద్రపోతుంది. మళ్లీ నొక్కితే అక్కడే లేస్తుంది. పెద్ద కన్సోళ్లు కూడా ఇప్పుడు దాదాపు ఇలాగే పనిచేస్తున్నాయి. ఇంట్లో చిన్న పిల్లలున్నవాళ్లకి దీనికంటే గొప్ప ఆవిష్కరణ లేదు. అయినా ఆట కొనే ముందు రెండు విషయాలు కనుక్కోండి, మధ్యలో పాజ్ చెయ్యొచ్చా, ఎక్కడంటే అక్కడ సేవ్ అవుతుందా. ఉదాహరణకి ఎల్డెన్ రింగ్‌లో మామూలు పాజ్ బటన్ లేదు. మెనూ తెరిచినా రాక్షసుడు మీద పడుతూనే ఉంటాడు. కానీ చుట్టూ శత్రువులు లేనప్పుడు ఆట నుంచి బయటికి వచ్చేస్తే నిలబడ్డ చోటే సేవ్ అయిపోతుంది. పెర్సోనా 5 సరిగ్గా తలకిందులు. ఎప్పుడైనా ఆగొచ్చు, కానీ కోటల్లాంటి చోట్ల సేవ్ చెయ్యాలంటే సేఫ్ రూమ్ దాకా వెళ్లాలి. పిల్లాడు ఏ క్షణాన లేస్తాడో తెలియని ఇంట్లో ఈ తేడా కథ కంటే, బొమ్మల అందం కంటే ముఖ్యం.

కష్టం తగ్గించుకోవడం గురించి ఒక్క మాట. ఈజీలో పెట్టుకుని ఆడండి. విచర్ 3లో అన్నిటికంటే తేలికైన స్థాయికి వాళ్లు పెట్టిన పేరే 'కథ మాత్రమే' అన్న అర్థంలో ఉంటుంది. పెర్సోనా 5లో 'సేఫ్' ఉంది, బాల్డర్స్ గేట్ 3లో 'ఎక్స్‌ప్లోరర్' ఉంది. ఆట తయారుచేసినవాళ్లే దారి వేసి పెట్టాక, ఆ దారిన నడవడానికి సిగ్గెందుకు? ఒకే బాస్ (ఆటలో దాటాల్సిన పెద్ద శత్రువు) చేతిలో గంటసేపు చచ్చి నిద్రపోవడం, రోజంతా ఆఫీసులో పడ్డ పాట్లకి రాత్రి కొనసాగింపులా ఉంటుంది. అది ఇష్టమైనవాళ్లు ఉన్నారు. నేను కాదు.

ఇక పూర్తి చెయ్యడం అనే జబ్బు. మ్యాప్ మీద గుర్తు కనబడితే వెళ్లాల్సిందేనన్న తపన మనలో చాలామందికి ఉంది. 2015లో వచ్చిన విచర్ 3లో స్కెల్లిగె అనే దీవుల ప్రాంతం ఉంది. అక్కడ సముద్రం నిండా ప్రశ్నార్థకాలే. చాలావాటి కింద ఉండేది ఒకటే, నీళ్లలో తేలే దొంగసరుకు. పడవేసుకుని ఒక్కొక్కటీ వెతికేవాడికి ఎన్నో సాయంత్రాలు గడిచిపోతాయి, గుర్తుంచుకోవడానికి ఏమీ మిగలదు. అదే ఆటలో బ్లడీ బేరన్ అనే తాగుబోతు దొర కథ ఉంది. పెళ్లాన్ని కొట్టి, ఇల్లు కూల్చుకుని, ఇప్పుడు భార్యనీ కూతుర్నీ వెతికిపెట్టమని బతిమాలే మనిషి. వాడి మీద అసహ్యం వేస్తుంది, జాలీ వేస్తుంది, రెండూ ఒకేసారి వేయడం మనకే నచ్చదు. అది రెండు మూడు సాయంత్రాల పని. ఆడినవాళ్లు ఏళ్ల తర్వాత కూడా దాని గురించే వాదించుకుంటారు. కాబట్టి ముఖ్య కథకి పక్కన ఉండే సైడ్ క్వెస్టుల్లో మనుషులున్నవి ఆడండి, వస్తువులు ఏరేవి వదిలెయ్యండి. వంద గంటల ఆట ఆ ఒక్క నియమంతో యాభైకి దిగొస్తుంది.

అంతేకాదు, 'లోకం మునిగిపోతోంది, తొందరగా రా' అని ఆట ఎంత గోల పెట్టినా చాలావాటిలో తొందరేమీ లేదు. కన్నకూతురులాంటి పిల్లని వెతకడానికి బయల్దేరిన విచర్ కథానాయకుడు ప్రతి ఊళ్లోనూ ఆగి పేకాడుకోవచ్చు. ఆ పిల్ల ఎదురుచూస్తూనే ఉంటుంది. నిజంగా గడియారం పెట్టిన ఆటలు తక్కువ. 1997 నాటి మొదటి ఫాల్అవుట్‌లో మీ జనం తాగే నీళ్ల యంత్రానికి చిప్ వెతికి తేవడానికి 150 రోజుల గడువు ఉండేది, దాటితే ఆట అయిపోయినట్టే. అలాంటివాటిని పక్కన పెడితే మీరు నెలరోజులు రాకపోయినా ఆ లోకానికి ఏ హానీ లేదు.

ఇప్పుడు మీ స్నేహితుడి మాటకి వద్దాం. కష్టపడితే లెవెల్ పెరుగుతుందట. ఆటలో పెరుగుతుంది, ఎందుకంటే పెరిగేలా పట్టిక రాసి పెట్టారు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్‌లో రెండో లెవెల్‌కి 300 పాయింట్లు చాలు, అయిదో లెవెల్‌కి 6,500 కావాలి, ఇరవయ్యో లెవెల్‌కి 3,55,000. ముందుకి పోయేకొద్దీ మెట్లు ఎత్తుగా ఉంటాయన్నంత వరకు ఇది మన అనుభవంతో కలుస్తుంది. కొత్త భాష నేర్చుకున్నా, వాయిద్యం పట్టుకున్నా మొదట్లో గబగబా వచ్చి తర్వాత నత్తనడక అవుతుంది. కానీ పట్టికలో ఇంకో హామీ దాగి ఉంది, దాన్ని మనం గమనించం. ఇలాంటి పట్టిక ఉన్న ఆటలో చేసిన పని వృథా పోదు. వచ్చిన పాయింట్ వెనక్కి పోదు, మీ కంటే తక్కువ పాయింట్లున్నవాడు మీ లెవెల్ ఎగరేసుకుపోడు. ఎంత మిగిలిందో గీత గీసి మరీ చూపిస్తారు. బయట ఏ పనికీ ఆ గీత లేదు. ఏళ్లు కష్టపడ్డాక కంపెనీ మూతపడొచ్చు, నేర్చిన విద్యకి గిరాకీ పోవచ్చు. ఆర్‌పీజీ హాయిగా ఉండేది జీవితంలా ఉన్నందుకు కాదు, ఈ విషయంలో లేనందుకే. రోజంతా ఫలితం కనబడని పనిలో నలిగి వచ్చినవాడికి, కొట్టిన ప్రతి దెబ్బకీ ఒక అంకె పైకి లేవడం చూస్తే ప్రాణం లేచొస్తుంది. ఆ సుఖాన్ని సుఖంగానే తీసుకోండి. దాన్నుంచి పాఠం పిండకండి.

పిండితే ఏమవుతుందో ఆటలే చూపించాయి. 1988లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 2లో లెవెళ్లు తీసేసి, ఏది వాడితే అది పెరిగేలా చేశారు. దెబ్బలు తిన్నకొద్దీ ప్రాణబలం పెరుగుతుంది. ఆలోచన చక్కగానే ఉంది. ఆడేవాళ్లు ఏం చేశారు? శత్రువుల్ని వదిలేసి, తమ జట్టులో వాళ్లని తామే బాదుకున్నారు. 2011లో వచ్చిన స్కైరిమ్‌లోనూ అదే తంతు. మొదట్లో అందులో కమ్మరిపని పెంచుకోవాలంటే ఏ వస్తువు చేసినా ఒకటే లాభం, అన్నిటికంటే చౌక ఇనప బాకు. దాంతో జనం వందల కొద్దీ బాకులు చేసి పారేసి మహా కమ్మరులైపోయారు. తర్వాత అప్‌డేట్‌లో, చేసిన వస్తువు విలువని బట్టి లాభం ఉండేలా మార్చారు. అంకెని లక్ష్యంగా పెడితే మనిషి అంకెనే పెంచుతాడు, పనిని కాదు. ఏ ఆఫీసులో పనిచేసినవాళ్లకైనా ఇది ఇంతకంటే వివరించక్కర్లేదు.

ఇంటి పనులకి ఎక్స్‌పీ (ఆటల్లో లెవెల్ పెంచే అనుభవ పాయింట్లు) ఇచ్చే యాప్‌లు వాడమంటారా అని మీరు మధ్యలో అడిగారు. హబిటికా లాంటివి ఉన్నాయి. 2013లో హబిట్ ఆర్‌పీజీ అన్న పేరుతో మొదలైంది. పని టిక్ పెడితే పాయింట్లు, బంగారం వస్తాయి, రోజువారీ పని తప్పితే మీ బొమ్మకి ప్రాణం తగ్గుతుంది. బిల్లులు కట్టడం, మందులు వేసుకోవడం లాంటి, ఎలాగూ ఇష్టం లేని పనులకి వాడితే మంచిదే. ఇష్టమైన పనికి మాత్రం వాడొద్దు. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు బొమ్మలు గీయడం ఇష్టపడే చిన్నపిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. గీస్తే బహుమతి పత్రం ఇస్తామని కొందరికి ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు, కొందరికి ఏమీ ఇవ్వలేదు. తర్వాత పిల్లల్ని వాళ్ల మానాన వదిలేస్తే, బహుమతి కోసమని గీసిన పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగం సమయమే బొమ్మల జోలికి వెళ్లారు. మీ పిల్లాడికి కథ చదివి వినిపించడానికి పదిహేను పాయింట్లు వేసుకునే ముందు ఇది గుర్తుచేసుకోండి.

లెవెళ్ల గురించి ఇంకొక్కటి, ఇది నిజంగానే జీవితంలా ఉంటుంది, కానీ మీ స్నేహితుడికి నచ్చదు. 2006 నాటి ఆబ్లివియన్‌లో మీరు పెరిగితే లోకమూ మీతోపాటు పెరుగుతుంది. బాగా లెవెల్ ఎక్కాక దారిదోపిడీ దొంగలు కూడా రాజులు వేసుకునేంత ఖరీదైన గ్లాస్ కవచాలతో ఎదురొస్తారు. 'ఇంత కవచం ఉన్నవాడివి నా దగ్గర చిల్లర దోచుకోవడమేంట్రా' అని ఆడినవాళ్లంతా తిట్టుకున్నారు. జీతం పెరిగిన ప్రతిసారీ ఖర్చు అంతకు అంత పెరిగి, ఉన్నచోటే ఉన్నట్టు అనిపించే మనందరికీ ఆ తిట్టు తెలిసిందే.

సరే, మరి జీవితానికి దగ్గరగా ఉండేవి ఏవి? నా లెక్కలో మొదటిది, వదులుకోవడం. పాత్రని తయారుచేసే తెర దగ్గర మీరు కూర్చునే ఆ అరగంట ఉందే, అది ఈ ఆటల ప్రాణం. డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఒక పద్ధతి ప్రకారం మీకు 27 పాయింట్లు ఇస్తారు. వాటితోనే బలం, చురుకుదనం, ఓర్పు, తెలివి, వివేకం, ఆకర్షణ అన్నీ కొనుక్కోవాలి. అన్నిట్లో గొప్పవాడు కావడానికి ఆ పాయింట్లు చాలవు, చాలకుండానే లెక్క కట్టారు. కండ కావాలంటే మాటకారితనం తగ్గాలి. నలభై ఏళ్లొచ్చేసరికి మనకి ఈ లెక్క బాగా అర్థమవుతుంది. ఏం కాగలమన్నది కాదు, ఏం కాకుండా ఉండిపోవడానికి ఒప్పుకోగలమన్నదే అసలు ప్రశ్నగా మారుతుంది. ఆటలో ఒప్పుకోవడం తేలిక, ఎందుకంటే వచ్చే ఏడాది ఇంకో పాత్రతో మళ్లీ ఆడొచ్చు.

పెర్సోనా 5 దీన్నే క్యాలెండర్‌తో చేస్తుంది. మీరో హైస్కూల్ కుర్రాడు. బడి అయ్యాక ఒక పూట, రాత్రి ఒక పూట, ఇంతే చేతిలో ఉండేది. ఆ పూట చదువుకుంటే స్నేహితుణ్ని కలవలేరు, పార్ట్‌టైమ్ పనికి వెళితే చదువు ఆగుతుంది, పైగా పెద్ద పనికి గడువు తేదీ గోడ మీద రాసి ఉంటుంది. రోజుకి గంట మిగిలే మనం, రోజుకి రెండు పూటలే ఉన్న కుర్రాణ్ని నడిపిస్తుంటాం. ఇందులో తమాషా ఏమిటంటే, ఆ కుర్రాడు ఎవరితో గడిపినా ఆ బంధం ఒక మెట్టు ఎక్కుతుందేమోనని అంకె కోసం చూస్తాం. కాసేపటికి అంకె మర్చిపోయి ఫలానా అమ్మాయి కథ ఏమైందో తెలుసుకోవాలని వెళతాం. ఆ మారే క్షణం నాకు ఇష్టం.

రెండోది విశ్రాంతి. బాల్డర్స్ గేట్ 3లో జట్టంతా రాత్రి గుడారాల్లో పడుకుంటేనే మంత్రాలు, ప్రాణం పూర్తిగా తిరిగి వస్తాయి. మామూలు స్థాయిలో ఒక్క రాత్రికి 40 పాళ్ల సరుకు ఖర్చవుతుంది. పైగా కథ మొదట్లోనే మీ తలలో పురుగు పెట్టి, ఎంతో కాలం లేదని భయపెడతారు. దాంతో మనలో పిసినారులం, భయస్తులం పడుకోకుండా నెట్టుకొస్తాం. కానీ మీతో నడిచేవాళ్లు మనసు విప్పి మాట్లాడే ఘట్టాలు చాలావరకు ఆ రాత్రి గుడారాల దగ్గరే ఉంటాయి. పడుకోని ఆటగాడు యుద్ధాలు గెలుస్తూ పోతాడు, తన పక్కనున్న మనుషులు ఎవరో తెలియకుండానే సగం ఆట దాటేస్తాడు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లందరికీ నేను మొదట చెప్పేది ఇదే, మొహమాటపడకుండా పడుకోండి.

మూడోది ఓటమి. సేవ్ తెరిచి మళ్లీ పాచిక వేసే అలవాటు అందరికీ ఉంది. తప్పని నేను అనను, మీ ఆట మీ ఇష్టం. కానీ 2019లో వచ్చిన డిస్కో ఎలీసియంలో ఒక్కసారి ఆ అలవాటు మానుకుని చూడండి. అందులో కత్తులు, యుద్ధాలు లేవు. తాగి ఒళ్లు మర్చిపోయి, తన పేరు కూడా గుర్తులేని ఒక పోలీసు ఉంటాడు. వాడి బుర్రలో 24 నైపుణ్యాలు 24 గొంతులతో మాట్లాడతాయి. రెండు పాచికలు వేసి పరీక్షలు తేలుస్తారు. తెల్ల పరీక్షలో తప్పితే ఆ నైపుణ్యం పెంచుకుని మళ్లీ ప్రయత్నించొచ్చు, ఎర్ర పరీక్షకి ఒకటే అవకాశం. అయితే ఓడిపోయినప్పుడు తలుపు మూసుకుపోదు. కథ వేరే సందులోకి తిరుగుతుంది, చాలాసార్లు ఆ సందే మెయిన్ రోడ్డు కంటే బాగుంటుంది. ఆట మొత్తం నవ్వించేవి, ఏడిపించేవి ఓడిన పరీక్షలే.

మీరు చివర్లో 'ఇది వ్యసనమేమో' అని రాశారు. రోజుకో గంట ఆడి, మళ్లీ దానికి బాధపడుతున్న మనిషిది వ్యసనం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి వచ్చిన రోగాల వర్గీకరణలో గేమింగ్ డిజార్డర్‌ని చేర్చింది. అందులో ఎన్ని గంటలన్నది కొలబద్ద కాదు. ఆట మీద అదుపు పోవడం, మిగతా పనులన్నిటికంటే అదే ముందుకు రావడం, నష్టం కళ్లకు కనబడుతున్నా ఆపలేకపోవడం, దాని వల్ల ఇల్లో ఉద్యోగమో చదువో బాగా దెబ్బతినడం, ఇదంతా మామూలుగా ఏడాదిపాటైనా సాగడం చూస్తారు. అలాంటిది మీలో గానీ ఇంట్లోవాళ్లలో గానీ కనబడితే డాక్టర్ని కలవండి, ఇక్కడ అడగొద్దు.

నేను భయపడేది వేరే రకానికి. ఉచితంగా మొదలై రోజూ రమ్మనే ఆటలు. గెన్షిన్ ఇంపాక్ట్‌నే తీసుకోండి. 2020లో వచ్చినప్పుడు అందులో రెజిన్ అనే ఇంధనం 120 దాకా నిండేది, 8 నిమిషాలకి ఒకటి చొప్పున. అంటే 16 గంటల్లో గిన్నె నిండిపోతుంది. రోజూ వచ్చి ఖర్చుపెట్టకపోతే పొంగి పోయినట్టే. ఆ తర్వాత పరిమితి 200కి పెంచారనుకోండి, సూత్రం అదే. ఆట బాగుంది, కాదనను. కానీ మన గంటని మనం వాడుకోవడం పోయి, ఆ గిన్నె మనల్ని వాడుకోవడం మొదలవుతుంది. తీరిక తక్కువున్నవాళ్లకి అసలు పనికిరానివి ఇవే, పైకి చూస్తే పది నిమిషాల ఆటల్లా కనబడతాయి. వంద గంటల ఆర్‌పీజీ ఒకసారి కొని పెట్టుకుంటే ఆర్నెల్లైనా మౌనంగా ఎదురుచూస్తుంది.

ఇక మీ సగం విచర్ 3 సంగతి. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టొద్దు, అలా చేసినవాళ్లు మళ్లీ అక్కడే ఆగుతారు. పాత సేవ్ తెరవండి. కష్టం తేలికకి దించండి. దగ్గర్లో ఏదైనా ఊరు చూసుకుని, ఊరి బయట బలహీనమైన మృగాల మీద ఓ పది నిమిషాలు కత్తి తిప్పండి, వేళ్లకి గుర్తొస్తుంది. క్వెస్టుల చిట్టాలో ముఖ్య కథ ఒక్కటే గుర్తు పెట్టుకుని మిగతావి లేవనుకోండి. రెండు సాయంత్రాలు చూడండి. అప్పటికీ మూడో రోజు ఆడాలనిపించకపోతే నిశ్చింతగా తీసెయ్యండి.

తర్వాత ఏం ఆడాలో కూడా అడిగారు. చిన్నది కావాలంటే అండర్‌టేల్, 2015ది. పది గంటల్లోపే అయిపోతుంది, ఎవర్నీ చంపకుండా ఆట మొత్తం ముగించొచ్చు. స్టార్‌డ్యూ వ్యాలీ మీకు సరిగ్గా సరిపోతుంది, అందులో ఒక రోజు మన లెక్కలో 14 నిమిషాలే. కానీ పడుకుంటేనే సేవ్ అవుతుంది కాబట్టి 'ఇంకొక్క రోజు' అంటూ అర్ధరాత్రి దాటిస్తారు, అలారం పెట్టుకోండి. మారోవిండ్ ఇప్పుడే వద్దు. దారి గుర్తులు ఉండవు, ఎడమవైపు రాయి దాటి ఉత్తరానికి తిరుగు అని మాటల్లో చెబుతారు, విరామాలతో ఆడేవాళ్లకి అది నరకం. నన్నడిగితే మీకు డిస్కో ఎలీసియం. ముప్పై గంటలకి అటూ ఇటూ, ఎక్కువ భాగం చదువుకోవడమే, మీరు ఎవరితోనైనా మాట్లాడుతున్నప్పుడో ఏదైనా చదువుతున్నప్పుడో తప్ప అందులో గడియారం కదలదు. పిల్లాడు లేస్తే ప్యాడ్ అలాగే పక్కన పెట్టి వెళ్లొచ్చు. ఒక్క జాగ్రత్త, మొదట్లో శరీర బలానికి ఒకే ఒక్క పాయింట్ ఇచ్చినట్టయితే, నిద్రలేచిన గదిలో లైటు మాత్రం వెయ్యకండి. ఆ వెలుగుకే గుండె ఆగి కథ అక్కడితో అయిపోతుంది.